రావలసిన విజిలు ఒకటి

శాసనసభ మొదలవడానికి ఇంకా ఇరవై నిమిషాలుందనగా హెడ్డమ్మ తన చేతిసంచీని గేటు దగ్గరి కాపలా పిల్లకి అప్పగించి, అందులోంచి ఒక్క అట్ట పుస్తకం మాత్రం తీసి చంకలో ఇరికించుకుంది.

"మేడం, లోపలికి పుస్తకాలు తీసుకెళ్ళకూడదు," అంది కాపలా పిల్ల నసుగుతూ.

"నీకు డ్రిల్లు నేర్పిందెవరే?"

"మీరే మేడం, కుర్చీలో కూర్చునే."

"ఎడమేదో కుడేదో తేలక నువ్వు ఏడుస్తుంటే నీ కుడికాలి బూటుకి ఎర్రదారం కట్టిందెవరు?"

కాపలా పిల్ల అటూ ఇటూ చూసి, ఆ పుస్తకం తన కంట పడలేదన్నట్టు గోడవైపు తిరిగి నిలబడింది. హెడ్డమ్మ లోపలికి నడిచింది. కుడి మోకాలు మెట్టు మెట్టుకీ కలుక్కుమంటోంది. అయినా ఆవిడ లెక్కచేయలేదు. గుండె వేరే పనిలో ఉంది.

ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు. హెడ్ కానిస్టేబులు కాబట్టి ఊరందరికీ హెడ్డమ్మ. పందొమ్మిదేళ్ళ కిందట ఒకావిడ మెడలో గొలుసు లాక్కుపోయిన దొంగను తరుముతూ కాలవ గట్టు మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకుంది. దొంగ దొరికాడు గానీ మోకాలు మళ్ళీ మామూలు కాలేదు. "రెండు నెలలు కూర్చుని చేసే పని చూసుకోమ్మా," అని పైవాళ్ళు ఆవిణ్ణి పోలీసు మ్యూజియానికి పంపారు. ఆ రెండు నెలలు ఇంకా పూర్తి కాలేదు.

మ్యూజియమంటే పెద్ద మేడ అనుకునేరు. మార్కెట్టు వెనక మూతబడ్డ పాత ఠాణా, రెండు గదులు, ఒక వసారా. పాత లాఠీలు, లాంతర్లు, తాళంచెవి పోయిన బేడీలు, సీటు లేని సైకిలు, కొక్కేలకు వరసగా వేలాడే విజిళ్ళు. గోడ పొడుగునా తప్పిపోయిన పిల్లల రిజిస్టర్లు, నలభై ఒక్క సంపుటాలు. ఒక మూల నల్ల గొడుగు కూడా ఉంది. పోలీసు మ్యూజియంలో గొడుగెందుకని బడిపిల్లలు అడిగితే, "దానికో పెద్ద కథుంది, మీరు పెద్దయ్యాక చెప్తా," అనేది. ప్రతి వస్తువుకీ నంబరిచ్చి, పుట్టుపూర్వోత్తరాలు రాసిన అట్ట పుస్తకమే ఇప్పుడు ఆవిడ చంకలో ఉన్నది.

"నాకంటే ఆ తుప్పు విజిళ్ళే ఎక్కువైపోయాయి నీకు," అనేవాడు ఆవిడ భర్త. ఆయన ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. కండక్టరు విజిలు ఊదితే తప్ప బండి కదల్చని క్రమశిక్షణ మనిషి. అలా అంటూనే నెలకోసారి వచ్చి ఆ విజిళ్ళకు బ్రాసో పెట్టి తోమి వెళ్ళేవాడు.

అలాంటి మ్యూజియాన్ని ఈ నెలాఖరుకల్లా ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. అక్కడ శాఖవారి జీపులు నిలపడానికి షెడ్డు వేస్తారట. వస్తువులను పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేయాలట. కాగితం చదివిన రోజు హెడ్డమ్మకు అన్నం సయించలేదు. రెండో రోజు లేచి, బడిపిల్లలను ఒకప్పుడు ఏటా మ్యూజియానికి తీసుకొచ్చిన టీచరమ్మకు ఉత్తరం రాసింది. ఆ టీచరమ్మ ఇప్పుడు ప్రతిపక్షంలో సభ్యురాలు. ఆవిడ వెంటనే సభలో ప్రశ్న వేసింది. మంత్రి లేచి నిలబడి నోటితో జవాబు చెప్పి తీరాల్సిన రకం ప్రశ్న.

ఆ ప్రశ్నకు కాళ్ళొచ్చాయి. హోంశాఖవాళ్ళు చూసి, "ఇందులో మ్యూజియం అని ఉంది, ఇది సాంస్కృతిక శాఖది," అని అటు పంపారు. సాంస్కృతిక శాఖవాళ్ళు అప్పటికే సభ ఆఫీసు పంపిన నకలు చూసి, "ఇందులో పోలీసు అని ఉంది, ఇది హోంశాఖది," అని ఇటు పంపారు. రెండు ఉత్తరాలూ ఒకే రోజు దారిలో ఎదురుపడ్డాయి. పీడ వదిలిందని ఎవరికి వాళ్ళు ఫైలు మూసేసి టీ తాగారు. వాటి నకళ్ళు అందుకున్న సభ ఆఫీసువాళ్ళు రెండూ పక్కన పెట్టి, ముందు ఎవరి పేరుంటే వాళ్ళదే అని హోంమంత్రి పేరు కిందే ప్రశ్నను అచ్చు వేశారు. ఐదో నంబరు.

ఇదేమీ హెడ్డమ్మకు తెలియదు. టీచరమ్మ ఇప్పించిన పాసుతో సందర్శకుల గ్యాలరీలో ముందు వరసలో కూర్చుని, కింద సభను కళ్ళు విప్పార్చి చూస్తోంది. సభాపతి కుర్చీ వెనక గోడకు బండి చక్రమంత గడియారం. పదకొండు కొట్టగానే ప్రశ్నోత్తరాలు మొదలయ్యాయి. పన్నెండు కొడితే అంతే, మిగిలిన ప్రశ్నలకు కాగితం మీద జవాబులు తప్ప నోటితో ఉండవు. కాగితం మీది జవాబు మీద ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేరు. ఐదో ప్రశ్న పన్నెండులోపు రావాలి. రాకపోతే మ్యూజియం పని అయిపోయినట్టే.

మొదటి ప్రశ్న ఆర్థికమంత్రికి. ఆఫీసుల్లో గోడ గడియారాల కొనుగోలు మీద. రెండోది సాంస్కృతిక మంత్రికి, పెద్ద మ్యూజియం టిక్కెట్ల మీద. మూడోది అడిగిన సభ్యుడు రాలేదు కాబట్టి ఎగిరిపోయింది. హెడ్డమ్మ మనసులో చప్పట్లు కొట్టుకుంది. ఇరవై రెండు నిమిషాల్లో మూడు అయిపోయాయి!

నాలుగోది పోలీసు కుక్కల మీద. అక్కడ వచ్చింది చిక్కు.

హోంమంత్రి లేచాడు. పొడుగాటి మనిషి, అరవై మూడేళ్ళుంటాయి. ఏ సభలో మైకు పట్టుకున్నా "గొడుగులు బాగుచేసేవాడి కొడుకుని నేను" అని మొదలుపెడతాడు కాబట్టి జనంలో గొడుగు మంత్రి. శాఖలో ఎన్ని కుక్కలున్నాయో చెప్పి కూర్చున్నాడు. ఇక చూడండి, సభలో కుక్కతో పనిపడని మనిషే లేనట్టు ఒకరి వెనక ఒకరు లేచారు. మా ఊరి కుక్క దొంగను వదిలేసి ఫిర్యాదు చేసినవాణ్ణి కరిచింది అధ్యక్షా, అని ఒకాయన. కుక్కలకు పెట్టే మాంసం బరువెంత అధ్యక్షా, అని ఇంకొకాయన. గడియారం ముల్లు పదకొండున్నర దాటి కిందినుంచి పైకి ఎక్కుతోంది. హెడ్డమ్మ పుస్తకాన్ని పొట్టకు అదుముకుని, "కూర్చోండి నాయనా, కూర్చోండి," అని గొణుక్కుంటోంది.

అదే సమయంలో అవతల అధికారుల గ్యాలరీలో ఒకాయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన హోంశాఖ ఉపకార్యదర్శి. మందపాటి అద్దాల వల్ల ఆఫీసంతా ఆయన్ను కళ్ళజోడు సారు అంటారు. తీరుబడిగా ప్రశ్నల పట్టీ తిరగేస్తూ ఐదో నంబరు దగ్గర ఆగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ప్రశ్న అక్కడే ఉంది. పక్కనే ఉన్న సాంస్కృతిక శాఖ అధికారిని మోచేత్తో పొడిచాడు.

"దీని జవాబు మీరు తెచ్చారు కదా?"

"మేమెందుకు తెస్తాం? మీకు పంపేశాం."

"మేం మీకు పంపేశాం!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంత్రి చేతిలో కాగితం లేదు. పావుగంటలో ఐదో ప్రశ్న. కళ్ళజోడు సారు దిక్కులు చూస్తుంటే, ఎదుటి గ్యాలరీలో అట్ట పుస్తకం కౌగిలించుకుని కూర్చున్న ఆడమనిషి కనిపించింది. ఎక్కడో చూసిన మొహం. ఖాళీ చేయించొద్దని తన ఆఫీసు ముందు మూడు రోజులు బెంచీ మీద కూర్చున్న మొహం!

రెండు నిమిషాల్లో బంట్రోతు వచ్చి హెడ్డమ్మ చెవిలో ఏదో చెప్పాడు. ఇంకో నిమిషంలో ఆవిడ అధికారుల గ్యాలరీలో ఉంది.

"అమ్మా, మ్యూజియం గురించి మీకు ఎంత తెలుసు?" అన్నాడు కళ్ళజోడు సారు. బెంచీ మీద మూడు రోజులు కూర్చున్నప్పుడు "ఏమ్మా" అన్న మనిషి ఇప్పుడు "మీకు" అంటున్నాడు.

"అంతా తెలుసు సార్."

"అయితే జవాబులు రాయండి. నాలుగు ముక్కలు. కుక్కలు అయిపోయేలోగా."

ఒక చీటీల కట్ట, ఒక పెన్ను ఆవిడ ఒళ్ళో పడ్డాయి. ఇందాకటిదాకా కుక్కల మీద పళ్ళు నూరిన హెడ్డమ్మ ఇప్పుడు ఇంకో కుక్క వస్తే బాగుండనుకుంది. టీచరమ్మ ప్రశ్నలో నాలుగు భాగాలు. ఒకటి, పోలీసు మ్యూజియం అనేది ఉన్నమాట నిజమేనా? ఆవిడ రాసింది: "నిజమే." రెండు, వస్తువులెన్ని? "పట్టీలో ఆరువందల పన్నెండు. ఉన్నవి ఆరువందల పదకొండు. రావలసినది ఒకటి." మూడు, ఏడాదికి అయ్యే ఖర్చెంత? కరెంటు, కలరా ఉండలు, చీపుళ్ళు అన్నీ కలిపి రాసింది. ఆ అంకె చూసి కళ్ళజోడు సారు ఒక సున్నా మరిచిపోయారేమో అన్నాడు. "మరిచిపోలేదు సార్, ఎప్పుడూ ఇవ్వలేదు," అంది. నాలుగు, దాన్ని మూసేసే ఉద్దేశం ప్రభుత్వానికి ఉందా?

"పరిశీలనలో ఉంది, అని రాయండి," అన్నాడు కళ్ళజోడు సారు.

హెడ్డమ్మ పెన్ను ఆగింది. "ఉత్తర్వు వచ్చేసింది కదా సార్. నా దగ్గర నకలుంది."

"అమ్మా, ఇది సభ. ఇక్కడ అలాగే చెప్తారు."

"ఎఫ్ఐఆర్లు రాసిన చెయ్యి సార్ ఇది. జరిగింది జరగలేదని రాయమంటే కదలదు."

కింద సభాపతి గంట మోగింది. "కుక్కలు చాలు. తర్వాతి ప్రశ్న. ఐదు!"

కళ్ళజోడు సారు నోరు తెరిచేలోపే హెడ్డమ్మ రాసేసింది: "అవును. ఈ నెలాఖరులోగా ఖాళీ చేయమని ఉత్తర్వు వెళ్ళింది." బంట్రోతు చీటీ అందుకుని మెట్లు దిగాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, కానీ చీటీ చేతికొస్తే లేడి కాళ్ళొస్తాయి.

గొడుగు మంత్రి లేచి నిలబడ్డాడు. ముందున్న ఫైలు తిరగేశాడు. అందులో కుక్కలు తప్ప ఏమీ లేవు. పక్క కుర్చీలోని సాంస్కృతిక మంత్రి వైపు చూశాడు. ఆయన పైకప్పు పరిశీలిస్తున్నాడు. ఇంతలో బంట్రోతు చీటీ చేతికిచ్చాడు. మునిగేవాడికి దుంగ దొరికినట్టు మంత్రి దాన్ని పట్టుకుని, ముందు వెనక చూడకుండా గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"నిజమే అధ్యక్షా. వస్తువులు... పట్టీలో ఆరువందల పన్నెండు..." ఖర్చు అంకె చదివితే సభ ఘొల్లుమంది. "నాలుగో ప్రశ్నకు, అవును. ఈ నెలాఖరులోగా ఖాళీ చేయమని ఉత్తర్వు వెళ్ళింది." అని ఒక్క క్షణం ఆగి, "వెళ్ళిందా?" అన్నాడు.

మైకు ఆ మాటను కూడా సభంతా వినిపించింది. టీచరమ్మ చటుక్కున లేచింది.

"అధ్యక్షా, ఎవరు ఇచ్చారో మంత్రిగారికే తెలియని ఉత్తర్వు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నాకో అనుమానం. ఆరువందల పన్నెండులో ఒకటి రావాలన్నారు. అంటే ఒకటి పోయిందా?"

ఆ అంకె అడుగుతారని హెడ్డమ్మ అనుకోలేదు.

"పోలీసుల మ్యూజియంలోనే దొంగతనమా!" అని ఎవరో అరిచారు. ఇక ఆగేదేముంది? ప్రతిపక్షమంతా లేచి నిలబడింది. సొంత విజిళ్ళు కాపాడుకోలేని పోలీసులు మా ఇళ్ళేం కాపాడతారు అధ్యక్షా! దొంగ పేరు చెప్పాలి! చెప్పాలి! బల్లలు దడదడలాడాయి. గొడుగు మంత్రి మొహం ఎర్రబడింది. మూడు దశాబ్దాలు మైదానాల్లో మాట్లాడిన గొంతు అది, ఒక్కసారి పైకి లేచింది.

"అధ్యక్షా! ఆ దొంగ ఎవరైనా సరే, ఎంత పెద్దవాడైనా సరే, ఏ కుర్చీలో కూర్చున్నా సరే, నేను వదిలిపెట్టను! వాడి పేరు ఇప్పుడే, ఈ సభలోనే చెప్తాను!"

అని గ్యాలరీ వైపు చెయ్యి చాపాడు, చీటీ కోసం.

"రాయండమ్మా, రాయండి!" అన్నాడు కళ్ళజోడు సారు. "ఎవడా దొంగ?"

ఎవరో హెడ్డమ్మకు తెలుసు. ఆరేళ్ళుగా తెలుసు.

ఏడో సంపుటం, నలభై మూడో పుట. ఆ నమోదును ఆవిడ మొదట చదివినప్పుడు నవ్వుకుని పుస్తకంలోకి ఎక్కించింది. ఆరేళ్ళ కిందట ఎన్నికల మైకు మ్యూజియం ముందే పెట్టారు. గొడుగు మంత్రి తన తండ్రి పేరు, ఆయన కుంటికాలు, పాత బస్టాండు మూల గొడుగుల దుకాణం, అన్నీ వరసగా చెప్పాడు. కిటికీలోంచి వింటున్న హెడ్డమ్మ చేతిలో దులుపుగుడ్డ జారిపడింది. ఇంటికెళ్ళి మొగుడికి చెప్తే, "ఇంకేం, వెళ్ళి చెప్పు, నీ మ్యూజియానికి పాలరాళ్ళు వేయిస్తాడు," అన్నాడాయన. "పిల్లల రిజిస్టరు గుట్టు అండీ," అంది ఆవిడ. "తప్పిపోయిన పిల్లాడి సంగతి ఆ పిల్లాడి ఇంటివాళ్ళకి తప్ప చెప్పకూడదు." ఖాళీ చేయమన్న ఉత్తర్వు వచ్చినప్పుడు కూడా ఆ గుట్టు విప్పాలని ఆవిడకు తోచలేదు.

ఇప్పుడేం చేయాలి? తెలియదని రాస్తే అబద్ధం. పేరు రాస్తే ఆ మనిషి పరువు నిండు సభలో పోతుంది, పందొమ్మిదేళ్ళు కాపాడుకున్న రిజిస్టరు మర్యాదా పోతుంది. గడియారంలో పదకొండూ యాభై రెండు. కింద మంత్రి చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.

అప్పుడు ఆవిడకు తట్టింది. ఆ పిల్లాడి ఇంటివాళ్ళకి చెప్పొచ్చు కదా! ఆ పిల్లాడికే చెప్తే తప్పేముంది?

పందొమ్మిదేళ్ళలో ఆ పుస్తకంలోంచి ఒక్క కాగితం చించని మనిషి, నలభై మూడో పుట నకలున్న కాగితాన్ని పర్రున చించింది. పైన పెద్ద అక్షరాలతో రాసింది. నాలుగు మడతలు పెట్టింది. "ఇది మంత్రిగారి చేతికే," అని బంట్రోతుకు ఇచ్చింది. కళ్ళజోడు సారు లాక్కోబోయాడు గానీ లేడి కాళ్ళు అప్పటికే సగం మెట్లు దిగాయి.

మంత్రి మడతలు విప్పాడు. ఏళ్ళ తరబడి వచ్చిన చీటీని వచ్చినట్టే చదివి అలవాటైపోయిన నోరు కదా, అది ఆగలేదు.

"అధ్యక్షా, జవాబు వచ్చింది. 'తమరు మాత్రమే చూడవలెను. సభలో చదవవద్దని మనవి.'"

సభ మొత్తం కప్పు ఎగిరిపోయేలా నవ్వింది. మంత్రి నాలిక్కరుచుకుని కాగితం కిందికి దించాడు. అప్పుడు లోపలున్నది కంటబడింది. ఆయన పెదవులు కదలడం మానేశాయి.

"చదవాలి అధ్యక్షా!" టీచరమ్మ గొంతు ఖంగుమంది. "మొదటి వాక్యం చదివాక దాచుకోడానికి లేదు!"

సభాపతి కాగితాలు సర్దుకుని అన్నాడు: "సభలో కొంత చదివిన కాగితం సభ సొత్తే మంత్రిగారూ. చదవండి, లేదంటే బల్ల మీద పెట్టండి."

గ్యాలరీలో నిలబడకూడదన్న సంగతే మరిచిపోయి హెడ్డమ్మ లేచి నిలబడింది. వద్దు, వద్దని తల అడ్డంగా ఊపింది. మంత్రి తలెత్తి ఆవిణ్ణి చూశాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని కాగితం పైకెత్తాడు. ఈసారి మైదానాల్లో వినిపించే గొంతు కాదది.

"'తప్పిపోయిన పిల్లల రిజిస్టరు, ఏడవ సంపుటము. మగపిల్లవాడు, వయసు సుమారు ఐదు. ఆకుపచ్చ లాగు, చొక్కా లేదు. పాత బస్టాండులో ఏడ్చుచు కనబడినాడు. పేరడుగగా చెప్పలేదు. తండ్రి ఏమి చేయునని అడుగగా, వాన ఆపును అని చెప్పినాడు.'"

సభలో నవ్వబోయినవాళ్ళు ఆయన మొహం చూసి ఆగిపోయారు.

"'ఏడుపు మాన్పుటకు డ్యూటీ కానిస్టేబులు తన విజిలు ఇచ్చినాడు. రెండు దినములు ఎడతెగక ఊదినందున స్టేషనులో ఎవరునూ పని చేసుకొనలేకపోయినారు. మూడవ దినము తండ్రి వచ్చినాడు. గొడుగులు బాగుచేయువాడు, ఎడమకాలు కుంటి. విజిలు తీసుకొనబోగా పిల్లవాడు విడువలేదు. తండ్రి తన గొడుగును స్టేషనులో ఉంచి, పిల్లవానిని మరపించి విజిలు తెచ్చి ఇచ్చి గొడుగు తీసుకొందునని చెప్పినాడు. రాలేదు. విజిలు రావలసి ఉన్నది. గొడుగు ఇవ్వవలసి ఉన్నది.'"

కాగితం బల్ల మీద పెట్టి, రెండు చేతులూ దాని మీద ఆనించి నిలబడ్డాడు.

"అధ్యక్షా, దొంగను వదిలిపెట్టనన్నాను. పేరు చెప్తానన్నాను. ఆ పిల్లాణ్ణి నేనే. ఆ విజిలు మా ఇంట్లో ఉంది, బీరువా తాళాలు దానికే కట్టుకుంటాను. మా నాన్న నాకు కొనిచ్చిన ఒకే ఒక్క బొమ్మ అని యాభై ఎనిమిదేళ్ళు అనుకున్నాను. మ్యూజియం ఖాళీ చేయమన్న ఉత్తర్వు మీద సంతకం కూడా నాదే అయ్యుంటుంది. చదవకుండా పెట్టుంటాను. ఇప్పుడు చదివాను. అది రద్దు. జీపులు ఎండలో నిలబడితే నిలబడతాయి. ఆ ఇంటిని ఎవరూ ముట్టుకోరు. ఇది ఈ సభకు నా హామీ."

బల్లలు మోగాయి. ఈసారి ఇటువైపూ అటువైపూ కలిసి మోగాయి. టీచరమ్మ లేచి నిలబడి మరీ చప్పట్లు కొడుతోంది. అంతదాకా కప్పు చూస్తున్న సాంస్కృతిక మంత్రి ఒక్క ఉదుటున లేచి, "అధ్యక్షా, మ్యూజియం అన్నాక అది మా శాఖదే!" అన్నాడు. "నిన్నటిదాకా కాదన్నారుగా!" అని ఎవరో అందుకున్నారు. ఆ నవ్వుల్లో పన్నెండు గంటలు ఎవరికీ వినబడలేదు. గ్యాలరీలో హెడ్డమ్మ కళ్ళజోడు సారు చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆయనకు అర్థం కాలేదు. తన కళ్ళజోడు కూడా మసకబారడంతో సరిగ్గా కనబడలేదు కూడా.

సాయంత్రం నాలుగింటికి మార్కెట్టు వెనక సందులో జీపు ఆగింది. వెనక మందీ మార్బలం లేకుండా మంత్రి ఒక్కడే దిగాడు. వసారా మెట్టు మీద హెడ్డమ్మ మొగుడు స్కూటరు తుడుస్తూ కూర్చున్నాడు. "లోపలుంది సార్. మధ్యాహ్నం నుంచి కాలు నేల మీద నిలవడంలేదు," అన్నాడు.

హెడ్డమ్మ యూనిఫాం వేసుకుని బల్ల వెనక నిలబడి సెల్యూట్ కొట్టింది. మంత్రి జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి, ఒక్కొక్క చెవీ విడదీసి, మిగిలిన విజిలును బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని వెలుతురులో తిప్పి చూసింది.

"నంబరు పదిహేడు. సరిపోయింది సార్. నమ్మకం లేక కాదు, పద్ధతి."

"చూడండి, చూడండి."

ఆవిడ మూలనున్న గొడుగు తీసి తుడిచి తెచ్చింది. "దీని కథ అడిగిన పిల్లలకి పెద్దయ్యాక చెప్తానని దాటేస్తూ వచ్చాను సార్. విజిలు తెచ్చారు కాబట్టి ఇది తమరిది. ఇక్కడ సంతకం పెట్టండి." ఇవ్వక తప్పదు. పందొమ్మిదేళ్ళు దులిపిన గొడుగు అది, అయినా ఇవ్వాల్సింది ఇవ్వాల్సిందే. పుస్తకంలో ఒకటి వచ్చి ఒకటి పోయి, లెక్క మళ్ళీ ఆరువందల పదకొండే అవుతుందని ఆవిడకు లోపల్లోపల కాస్త దిగులు కూడా కలిగింది.

మంత్రి సంతకం పెట్టి గొడుగు అందుకున్నాడు. మెల్లగా విప్పాడు. ఊచలు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. ఒకచోట చిరుగు మీద నల్లదారంతో సన్నగా కుట్టిన కుట్టుంది. దాని మీద వేలు ఆనించాడు.

"ఇది మా నాన్న కుట్టే," అన్నాడు. "ఆ ఏడు వానాకాలమంతా ఆయన తడుస్తూనే తిరిగాడమ్మా. ఊరందరి గొడుగులు బాగుచేసేవాడివి, నీకో గొడుగు లేకపోవడమేంటని మా అమ్మ రోజూ తిట్టేది. పోగొట్టుకున్నానే అనేవాడు. ఒక్కరోజు కూడా ఎందుకో చెప్పలేదు. నా చేతిలో విజిలు చూసి నవ్వేవాడంతే."

ఆయన గొడుగు కిందే నిలబడి కాసేపు ఏడ్చాడు. హెడ్డమ్మ చూడనట్టు గోడవైపు తిరిగి రిజిస్టర్లు సర్దింది.

తర్వాత ఆయన గొడుగు మడిచి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు ఇది నాదే కదా?"

"తమరిదే సార్. సంతకం కూడా అయింది."

"అయితే ఇస్తున్నాను. రాసుకోండి. అడిగిన పిల్లలందరికీ కథ చెప్పండి, పెద్దయ్యేదాకా ఆపకండి."

హెడ్డమ్మ సంతోషం పట్టలేక వెంటనే పుస్తకం తెరిచింది. గొడుగు నమోదు చేసింది. విజిలు వరసలో పదిహేడో గడి దగ్గర పెన్ను పెట్టింది. మొత్తం ఆరువందల పన్నెండు. లెక్క నిండబోతోంది.

"అమ్మా," అన్నాడు మంత్రి బల్ల మీదికి వంగి, ఐదేళ్ళ పిల్లాడి గొంతుతో. "ఒక్కసారి ఊదొచ్చా?"

ఎదురుగా గోడ మీద ఆవిడే రాయించిన బోర్డు ఉంది, ప్రదర్శన వస్తువులను ముట్టరాదు అని. హెడ్డమ్మ దానివైపు చూసింది. చేతిలో పెన్ను వైపు చూసింది. పెన్ను మూత పెట్టేసింది.

"ఇంకా రాయలేదు సార్. కానివ్వండి."

మంత్రి గుండెల నిండా గాలి పీల్చి ఊదాడు. మార్కెట్టంతా ఉలిక్కిపడేలా మోగింది. వసారాలో ఆవిడ మొగుడు అలవాటు కొద్దీ స్కూటరు స్టార్టు చేసేశాడు.